సేర్ – ఎస్తార్ : ఒక ధాతువిచారం

మా అమ్మాయి కూతురు అమెరికాలో స్పానిష్ చదువుతున్నది. తన కుటుంబాన్ని గురించి నాలుగు వాక్యాలు వ్రాయవలసివచ్చి, మొన్న ఫోనులో అడిగింది: "తాతయ్యా, స్పానిష్‌లో 'ఉండు'కి రెండు క్రియలున్నాయి. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని నేర్పారు. మరి అమ్మమ్మ చనిపోయిందని చెప్పాలంటే ఎస్తార్ వాడాలట. చనిపోవటం తాత్కాలికమా?"

జీవితమంతా వ్యాకరణం చెప్పినవాడిని. నాకు నోట మాట రాలేదు. "మీ టీచరు చెప్పినట్టే వ్రాయి తల్లీ" అని తప్పించుకొన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక నిఘంటువులు ముందు వేసుకొని కూర్చున్నాను.

సేర్ నిజానికి ఒక ధాతువు కాదు, మూడింటి అతుకు. 'ఎస్' అనే వర్తమానరూపం లాటిన్ 'ఎస్సె' నుండి వచ్చినది. అది మన 'అస్తి'కి తోబుట్టువు. భూతకాలపు 'ఫుయ్' మన భూ ధాతువునకు చుట్టం. 'సేర్' అన్న రూపం మాత్రం కూర్చుండుట అనే అర్థంగల 'సెదేరె' నుండి, అనగా మన సద్ ధాతువు వైపునుండి వచ్చినది. వింతపడనక్కరలేదు. సంస్కృతంలోనూ అస్ ధాతువు కొన్ని లకారాలలో నడవలేక భూ ధాతువును ఆశ్రయిస్తుంది గదా!

ఎస్తార్ మూలం 'స్తారె', నిలుచుండుట. ఇది సాక్షాత్తు మన స్థా. ధాతుపాఠం దానికి గమనం ఆగిపోవుట అని అర్థం చెప్పినది. నా చిక్కు అక్కడ విడిపోయినది. ఒక మార్పు జరిగి, దాని ఫలితంగా ఒకచోటనో ఒక స్థితిలోనో నిలిచిపోతే ఎస్తార్. శాశ్వతత్వంతో పని లేదు. మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉన్నది అనుటకు ఎస్తార్ కావాలి. ఆ నగరం ఎక్కడికీ కదలదు. యౌవనం నాలుగునాళ్ల ముచ్చటే అయినా 'ఆమె యువతి' అనుటకు సాధారణంగా సేరే వాడతారు.

ఈ విభాగం మొదటినుండీ లేదు. 'మియో సిద్' వీరగాథ ప్రతిలో 1207 నాటి తేదీ కనబడుతుంది. అందులో నాయకుడు తన వంశపు యువకుని 'ఎక్కడున్నావు' అని పిలిచేచోట క్రియ సేరే. తరువాతి శతాబ్దులలో ఎస్తార్ కొంచెంకొంచెంగా ఆ చోటంతా ఆక్రమించినది. ఒక్క మూల మిగిలినది: విందో సభో ఎక్కడ అని అడిగితే నేటికీ సేరే. ఇటాలియన్‌లోనైతే స్తారె నుండి వచ్చిన 'స్తాతో' వెళ్లి ఎస్సెరె క్రియారూపాలలో కలిసిపోయినది. అది వేరే కథ.

మరునాడు నేనే ఫోను చేశాను. "మనం అమ్మమ్మ 'కాదు' అనము, అమ్మమ్మ 'లేదు' అంటాము. ఆ రెండింటికీ తేడా నీకు తెలుసు గదా? స్పానిష్‌వారు కూడా పోయినవారిని 'యా నో ఎస్తా' అంటారు, ఇక లేదు అని. అదీ ఎస్తారే" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే అదే వ్రాస్తాను తాతయ్యా" అన్నది.