తాత రివెట్లు కొట్టిన హెచ్‌టీ-2

తిరుత్తణి అంటే అందరికీ కొండ, మెట్లు, ఆడికృత్తిక కావళ్ళు గుర్తొస్తాయి. చదువుకున్నవాళ్ళయితే సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరంటారు. మా ఇంట్లో మాత్రం తిరుత్తణి మాట వస్తే వెనకనే ఒక విమానం పేరు వస్తుంది, హెచ్‌టీ-2. అది తిరుత్తణిలో తయారు కాలేదు. కానీ మా కుటుంబం ఊరు వదిలి బెంగళూరు చేరింది దానివల్లే. తాత అక్కడ హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో రేకు పని చేసేవాడు. ఇంతవరకు ఇంటి పేర్లు, పొలాలు, పెళ్ళిళ్ళ సంగతులు రాసినాము. ఈసారి ఆ విమానం సంగతి రాస్తాము.

విమానం మా వైపు జనానికి యుద్ధం రోజుల్లోనే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో అరక్కోణం దగ్గర విమానాలు దిగే మైదానం వేసినారు. ఇప్పుడు అక్కడే నౌకాదళం రాజాలి స్థావరం ఉంది. ఇటు తిరువళ్ళూరు జిల్లాలో షోళవరం దగ్గర ఇంకొకటి వేసినారు. యుద్ధం అయిపోయినాక ఆ రన్‌వే మీద ఏళ్ళ తరబడి కార్లు, మోటార్‌సైకిళ్ళ పందేలు జరిగినాయి. తిరువళ్ళూరు బంధువులకు షోళవరం అంటే ఇప్పటికీ రేసులే! తాతకు మాత్రం చిన్నప్పుడు అరక్కోణం వైపు తలెత్తి చూసిన విమానాలే గుర్తు.

బెంగళూరు ఫ్యాక్టరీని 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి పెట్టినాడు. 1941లో హార్లో అనే అమెరికన్ శిక్షణ విమానాన్ని అక్కడ బిగించి ఎగరేసినారు. తరువాత యుద్ధం పొడుగునా రిపేరు పనే ఎక్కువ. పరాయి విమానాన్ని విప్పి బిగించడం బాగా వచ్చింది. మన సొంత డిజైను ఒకటి కాగితం మీది నుంచి గాల్లోకి పోవడం మాత్రం ఇంకా మిగిలింది.

మొదట యుద్ధ విమానం కాకుండా ఇద్దరు కూర్చునే చిన్న శిక్షణ విమానాన్నే ఎందుకు పట్టుకున్నారు? మా లెక్కలో అది తెలివైన పని. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన పైలట్లు ఎక్కువగా టైగర్ మాత్ మీద నేర్చుకునేవాళ్ళు. అది 1931 నాటి బ్రిటిష్ విమానం. రెండంతస్తుల కొయ్య రెక్కలు, పైన గుడ్డ, తల మీద కప్పు లేదు. మన ఎండకూ వానకూ కొయ్య, గుడ్డ ఎంతకాలం ఆగుతాయి? పైగా చిన్న విమానంలో కూడా రెక్క, తోక, కంట్రోళ్ళు, ఇంజిను బిగింపు అన్నీ ఉంటాయి కాబట్టి ఒకసారి చేస్తే అన్నీ నేర్చుకున్నట్టే.

డిజైనుకు పెద్ద విష్ణు మాధవ్ ఘాటగే. ఆయన జర్మనీలో గోటింగెన్‌లో ప్రాంటల్ దగ్గర చదివి వచ్చిన మనిషి. గాలి రెక్కను ఎట్లా అంటుకొని పారుతుందో ప్రపంచానికి చెప్పిన గురువు ప్రాంటల్. ఘాటగే బృందం గీసిన హెచ్‌టీ-2 పూర్తిగా లోహం. ఒకటే జత రెక్కలు, అవీ కింది వైపు. సీట్లు ఒకదాని వెనక ఒకటి, రెండింటికీ కంట్రోళ్ళు, పైన అద్దం కప్పు. రెక్క చివరి నుంచి చివరికి 10.7 మీటర్లు, పొడవు 7.5 మీటర్లు, నిండు బరువు సుమారు 1,000 కిలోలు. మొదటి నమూనాకు జిప్సీ మేజర్ ఇంజిను పెట్టినారు. తరువాత వాటికి 155 హార్స్‌పవర్ సిర్రస్ మేజర్ పెట్టినారు. ఈ ఇంజిన్లలో సిలిండర్లు తలకిందులుగా కిందికి వేలాడతాయి. దాంతో ముక్కు పైభాగం దిగి, ముందు దారి కొంచెం బాగా కనిపిస్తుంది.

కొంచెమే. ఎందుకంటే దీనికి మూడో చక్రం తోక కింద ఉంది. నేల మీద ముక్కు పైకెత్తుకొని ఉంటుంది కాబట్టి పైలట్ పాములాగా అటూ ఇటూ తిప్పుకుంటూ పోవాల. దిగేటప్పుడు కాళ్ళతో చుక్కాని సరిగా పట్టకపోతే తోక ముందుకు వస్తానంటుంది. నేర్చుకునేవాడికి కష్టమే, కానీ కాళ్ళు ఊరికే పెట్టుకోకూడదని మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

1951 ఆగస్టులో టెస్ట్ పైలట్ జంషెద్ కైకోబాద్ మున్షీ దాన్ని మొదటిసారి గాల్లోకి లేపినాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మాకు ఇక్కడ నచ్చే సంగతి స్పిన్ పరీక్ష. వేగం తగ్గి రెక్కలు గాలి పట్టు వదిలినప్పుడు, ఒక రెక్క రెండోదానికంటే ఎక్కువ వదిలితే విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పోతుంది. టెస్ట్ పైలట్ కావాలనే దాన్ని అందులోకి తోస్తాడు. ఎదురు చుక్కాని, కడ్డీ ముందుకు, అంతే, బయటికి రావాల. స్పిన్‌లోకి పోనే పోని విమానం మీద శిష్యుడు దాని సంగతి నేర్చుకోలేడు. పోయి బయటికి రానిదైతే ప్రాణం తీస్తుంది. ఆ రెంటి మధ్య సన్న దారి పట్టుకోవడమే శిక్షణ విమానం డిజైను.

"తాత విమానం చేసినాడు" అని మా అవ్వ అందరికీ చెప్పేది. తాత చేసింది అందులో ఒక వంతు, రివెట్లు. పల్చని అల్యూమినియం మిశ్రమం రేకును లోపలి పక్కెముకలకు బిగించే పని. బెజ్జం వేసి రివెట్టు దూర్చి, ఒకడు బయట గన్‌తో కొడితే ఇంకొకడు లోపల ఇనుప దిమ్మె అదిమి పట్టుకోవాల. దిమ్మె వాలిందంటే రివెట్టు వంకర, తీసేసి మళ్ళీ కొట్టాల. ఇద్దరూ ఒకరి మొహం ఒకరికి కనిపించకుండానే చేసే పని ఇది. తాత జతగాడు కన్నడవాడు. మాట పెద్దగా కలవని రోజుల్లో కూడా చప్పుడుతోనే తెలిసిపోయేదని తాత అనేవాడు. పుస్తకాల్లో ఘాటగే పేరుంది, మున్షీ పేరుంది, ఉండాల్సిందే. ఆ దిమ్మె పట్టుకున్నవాళ్ళ పేర్లు ఇళ్ళలోనే మిగిలినాయి.

ఈలోగా ఊరి చిరునామా మారిపోయింది. తాత బెంగళూరు రైలెక్కేటప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లా. 1959 నాటి సరిహద్దుల చట్టంతో, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రలోకి వచ్చినాయి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. తాత ఉద్యోగం కాగితాల్లో మాత్రం సొంత జిల్లా చివరిదాకా చిత్తూరే. పిల్లలు కన్నడ బడికి పోయినారు, పండక్కి తమిళనాడు పోయినారు, ఇంట్లో తెలుగు మాట్లాడినారు. "మీది ఏ ఊరు" అంటే ఎవరి జవాబు వాళ్ళకుండేది.

హెచ్‌టీ-2లు 170 దాకా తయారైనాయి. మన దేశంలో డిజైను చేసి వరసగా తయారు చేసిన మొదటి విమానం ఇదే. 1959లో 12 విమానాలు ఘనా కొత్త వైమానిక దళానికి పోయినాయి. అప్పటికే ఫ్యాక్టరీ పుష్పక్ మొదలుపెట్టింది. 1958లో ఎగిరిన ఆ విమానంలో సీట్లు పక్కపక్కన, రెక్క పైన, ఇంజిను 90 హార్స్‌పవర్, ఎక్కువ భాగానికి పైన గుడ్డే. అమెరికన్ ఏరోంకా చీఫ్ పోలికలో చేసినది. ఊరూరి ఫ్లయింగ్ క్లబ్బుల్లో మామూలు జనం నేర్చుకున్నది దాని మీదే. అందులో రేకు పని తక్కువ కాబట్టి తాతకు దాని మీద పెద్ద ప్రేమ లేదు!

హెచ్‌టీ-2 మాత్రం చాలాకాలం ఆగింది. బీదర్ శిక్షణ స్కూల్లో వైమానిక దళం కుర్రవాళ్ళు తరాల కొద్దీ దాని మీద మొదటి పాఠం నేర్చుకున్నారు. సిర్రస్ ఇంజిన్లు ముసలివైపోతే కొన్నిటికి లైకమింగ్ ఇంజిన్లు మార్చినారు. 1977లో ఎగిరిన హెచ్‌పీటీ-32 తరువాత దాని చోటు తీసుకుంది. 1993లో బెంగళూరులోనే నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ వాళ్ళు ఎగరేసిన రెండు సీట్ల హంస ఒళ్ళు ఫైబర్‌తో అచ్చుపోసినది. అందులో రివెట్ల వరసలు కనిపించవు.

తిరుత్తణి, తిరువళ్ళూరు, అరక్కోణం వైపు నుంచి ఆ రోజుల్లో ఫ్యాక్టరీకి పోయిన మనవాళ్ళు ఇంకా ఉన్నారని తెలుసు. మీ ఇంట్లో షాపు ఫోటోలు, పాత పాసులు ఉంటే వెనక ఏమి రాసి ఉందో కూడా చూసి పంపండి. ఎవరు ఎవరితో జత కట్టి పని చేసినారో రాసి పెట్టుకుందాము.