ధ్వనియంత్ర పీఠములకు ఆధారపదార్థములు : ఒక చారిత్రక పరిశీలన

గ్రామఫోను పలకపై సూది నడచుచుండగా బాలుడొకడు పరుగెత్తుకొని వచ్చినచో పాట తెగి మరియొక చోట నందుకొనుట మనలో పలువురు చూచినదే. బల్ల గట్టిది, యంత్రము బరువైనది, అయినను సూది ఎగిరినది. గట్టిదనమే స్థిరత్వమన్న మన తలంపు ఇచట నిలువదు. యంత్రమునకును బల్లకును నడుమ నేమి యుంచవలెనను ప్రశ్న ఇట్లు పుట్టినది. దానికి మానవుడు వెదకిన సమాధానములను కాలక్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును, బెర్లినర్ 1887లో గ్రామఫోనును లోకమునకిచ్చిరి. తొలినాటి శబ్దపేటిక నూరు గ్రాముల ప్రాంతపు బరువుతో పలకను అదిమి నడచెడిది గావున చిన్న అదరులను లెక్కచేయలేదు. 1948లో కొలంబియావారు సన్నగాడి గల దీర్ఘవాదన పలకను వెలువరించినంతనే స్థితి మారినది. సూదిబరువు క్రమముగా తగ్గి, నేడు సుమారు 2 గ్రాములకు దిగినది. 1958లో స్టీరియో పలకలు విపణికి వచ్చినవి. ఒంటి ధ్వని పలకలో సూది ప్రక్కలకు మాత్రమే కదలుట ధ్వని యగును. స్టీరియోలో పైకిని క్రిందికిని కదలుటయు ధ్వనియే. కాబట్టి నేల అదరు సైతము పాటలో కలిసిపోవుటకు ద్వారము తెరచుకొన్నది.

ఇచట రెండు పనులను వేరుపరచి చూడవలెను. కంపనము యంత్రమును చేరకుండ అడ్డగించుట మొదటిది. చేరిన కంపనమును వేడిగా మార్చి అణచుట రెండవది. మెత్తని ఆధారము బరువునకు ఎంత క్రుంగునో దానిని బట్టి దాని సహజస్పందన యేర్పడును. 1 మిల్లీమీటరు క్రుంగినచో సెకనుకు సుమారు 16 స్పందనములు; 4 మిల్లీమీటరులు క్రుంగినచో సుమారు 8. ఈ సంఖ్యకు 1.4 రెట్లు మించిన కంపనములను మాత్రమే ఆధారము అడ్డగింపగలదు. సహజస్పందనకు దగ్గరగా వచ్చిన కంపనమును అడ్డగింపకపోగా పెంచును. మెత్తని దేదైనను మేలు చేయునను భ్రమకు ఈ నియమమే సమాధానము.

ఉన్ని నొక్కుడుపొర, కార్కు బెండు సులభముగా లభించునవి. వీనిలో గాలి యిమిడి యుండును గాని బరువునకు ఇవి క్రుంగునది స్వల్పము. పై స్థాయి కంపనములకే పనికివచ్చును. గుడియర్ 1844లో గంధకముతో పక్వపరచిన రబ్బరునకు అమెరికాలో హక్కుపత్రము పొందిన పిమ్మట రబ్బరు ప్రధానస్థానము నందినది. రబ్బరును నొక్కినచో దాని ఘనపరిమాణము తగ్గదు, ప్రక్కలకు ఉబ్బును. ఉబ్బుటకు చోటులేని ఇరుకు గిన్నెలో బిగించిన రబ్బరు రాతితో సమానము. ఈ విషయము తెలియక వ్యర్థమైన ఆధారములు పెక్కులు.

ఉక్కు స్ప్రింగు విశేషముగా క్రుంగును. 1961లో ఎడ్గార్ విల్చర్ తన టర్న్‌టేబిలునందు పళ్లెమును, సూదిచేతిని ఒకే చట్రముపై నిలిపి, ఆ చట్రమును మూడు స్ప్రింగులపై తేలియాడించెను. మోటారు అదరు సూదిని చేరకుండ చేయుట దీని ప్రయోజనము. అయితే స్ప్రింగు అడ్డగించునే గాని అణచదు. మనిషి నడక సెకనుకు సుమారు 2 అడుగులు. కొయ్యనేల ఊగుటయు అల్పసంఖ్యలలోనే యుండును. అందుచేత ఊగునేలపై స్ప్రింగు మేలుకు మారుగా కీడు చేయుట కలదు.

అణచుటలో ఇసుక దిట్ట. రేణువులు ఒండొంటితో ఒరసికొని కదలికను వేడిగా మార్చును. వార్ఫ్‌డేల్ సంస్థను 1932లో స్థాపించిన గిల్బర్ట్ బ్రిగ్స్, 1950ల దశకమున స్పీకరుపలకల నడుమ ఇసుక నింపి వాని ప్రతిధ్వనిని తగ్గించెను.

ఈ సందర్భమున తెలుగువారికి పాలంపేట స్మరణకు రాకపోదు. గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్పగుడి పునాదిలో ఇసుకపరుపు కలదు; శిఖరమునకు నీటిపై తేలునంత తేలిక యిటుకలు వాడిరి. 2021లో యునెస్కోవారు ఈ గుడిని ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. కాని ఇసుకపరుపును నేటి రబ్బరు ఆధారములతో సమానమని చెప్పుట అతిశయోక్తి. బరువును సమముగా పంచుట, నేల కదలికకు కొంత లొంగుట దాని పని. 2001 భూకంపము పిమ్మట భుజ్‌లో మరల కట్టిన ఆసుపత్రిని రబ్బరు, సీసము కలిసిన ఆధారములపై నిలిపిరి. అది అడ్డగించు విద్య. పూర్వుల ప్రజ్ఞను ఉన్నంత చెప్పినను అది గొప్పదే. లేనిది జోడించుట వారికి గౌరవము కాదు.

ఇక మా గోకుంద మాట. కిన్వట్ తాలూకా 1956 నవంబరు 1 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. నాటి నుండి నాందేడు జిల్లాలోనిది. ఇచట తెలుగు చదువు పిల్లలు బడి వెలుపల వినునది మరాఠీ, హిందీ. పద్యము నెట్లు విరిచి చదువవలెనో తెలుపుటకు నేను పాత పద్యాల పలకలను తరగతిలో వినిపింపబూనితిని. యంత్రము కొయ్యవేదికపై నుండెడిది. పిల్లవాడు వేదికపై అడుగిడినంతనే సూది ఎగిరి పద్యపాద మొకటి మాయమయ్యెడిది. రబ్బరు బిళ్లలు పెట్టితిని, ఫలము లేదు. స్ప్రింగులు పెట్టితిని, యంత్రము ఊయెల యైనది. తుదకు దోషము యంత్రము క్రింద గాక వేదికయందున్నదని తెలిసినది. గోడగూటిలో రాతిపలక పరచి, దానిపై మడిచిన గొంగడి వేసి, యంత్రము నచట నిలిపితిని. పాదములు తెగుట మానినది. గొంగడి చేసినది కొంతయే. నేల ఊపు చేరని గోడ చేసినది హెచ్చు.

కావున పదార్థమును ఎన్నుకొనుటకు ముందు కంపనము ఎచటినుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. మోటారు అదరునకు రబ్బరు, స్ప్రింగు. పలక మ్రోతకు ఇసుక. అడుగుల ఊపునకు గోడ. మన యిండ్లలో పూర్వము దీపమునకై విడిచిన గూడు నేడు ధ్వనికిని ఆశ్రయ మగుచున్నది. ఆ గూటినుండి పద్యము తెగక వినిపించిననాడు, దానిని విన్న పిల్లలు తిరిగి తెగక చదివిరి.