బయలుపడుట, బయలుపఱచుట: ఉదయగిరి ముట్టడి

మన భాషలో రహస్యమునకు గుట్టు అని పేరు. గుట్టును గూర్చిన క్రియలను పరికించినచో నొక చిత్రము కానవచ్చును. “మంత్రి శత్రువు గుట్టును బయలుపఱచెను” అన్న వాక్యములో కర్త స్పష్టముగా నున్నాడు. “శత్రువు గుట్టు బయలుపడెను” అన్నంతనే ఆ కర్త మాయమగుచున్నాడు. “మాట పొక్కినది” అన్నచో చెప్పనక్కరలేదు. అది తనంతట తానే పొక్కినట్లుండును. ఉప్పందించినవాడు తన పేరు చెప్పుకొనడు గదా! అందుచేతనే కాబోలు, లోకవ్యవహారమున ఈ రెండవ తీరు వాక్యములే మిక్కుటము. చరిత్ర చదువువారు ఇట్టి వాక్యము ఎదురైనప్పుడెల్ల, బయలుపఱచినవాడెవడు, ఎందులకు, అని అడుగవలెనని మా అభిప్రాయము. ఉదయగిరి కథ ఇందులకు మంచి తార్కాణము.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఆత్మకూరునకు వాయవ్యముగా, 3,079 అడుగుల ఎత్తున నున్న కొండపై ఉదయగిరి దుర్గము కలదు. విజయనగర రాజ్యపు తొలినాళ్లలో ఇది యొక రాజ్యమునకు ముఖ్యపట్టణము. పదునైదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఓఢ్ర గజపతుల వశమైనది. సాళువ నరసింహరాయలు దీనిని మరల సాధింపలేకపోయెను. తాను గెలువలేకపోయిన కోటలలో ఉదయగిరి యొకటియనియు, తన తరువాతివారు దానిని సాధింపవలెననియు ఆయన అవసానకాలమున చెప్పిపోయినట్లు పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. ఇతడు ఇంచుమించు 1535 ప్రాంతమున విజయనగరమున నుండి, అచటి రాజుల వృత్తాంతమును వ్రాసి పెట్టినవాడు. రాబర్టు స్యూయెల్ దానిని ఇంగ్లీషులోనికి మార్చి 1900లో ప్రకటించెను.

శ్రీకృష్ణదేవరాయలు ఆ మాటను మరువలేదు. 1513లో ముట్టడి మొదలైనది. నూనిజ్ లెక్కప్రకారము రాయలవెంట 34,000 కాల్బలమును 800 ఏనుగులును. కోటలోపల 10,000 కాల్బలమును 400 గుఱ్ఱములును మాత్రమే. అంతకు మించి అక్కరలేనంత గట్టి కోట అది. పైకి చేరుటకు ఒకరి వెనుక ఒకరుగా నడువదగిన సన్నని కాలిబాట తప్ప వేఱొక తెరువు లేదట. ముట్టడి ఏడాదిన్నర సాగినది.

ఇట్టి దుర్గము పడిపోయినదనగానే మన కథకులకు వెంటనే ఒక ద్రోహి కావలసివచ్చును. ఏ పాలమ్మియో, అలిగిన బంటో రహస్యమార్గమును చూపెననుట మన కోటల కథలలో తఱచుగా వినబడుచుండును. “ఇంటిగుట్టు లంకకు చేటు” అన్న సామెత మన చెవులలో అంతగా నాటుకొనిపోయినది! నూనిజ్ కథనములో మాత్రము అట్టివాడు లేడు. రాయల సైనికులు పెద్ద పెద్ద బండలను పగులగొట్టి, ఆ కాలిబాటను వెడల్పు చేసి, కొండలమీదుగా మఱికొన్ని బాటలను తీసి, బురుజులదాక చేరిరి. అచట బయలుపడినది రహస్యము కాదు, రాయి! ఏడాదిన్నరపాటు గునపము పట్టినవారి పేర్లు ఏ కథలోను లేవు. లేని ద్రోహికి మాత్రము కథలో చోటు సులభముగా దొరకును.

1514లో కోట రాయల వశమైనది. గజపతి బంధువగు తిరుమల రౌతరాయలు పట్టుబడెను. గజపతి పినతల్లియో మేనత్తయో యగు ఒక రాజస్త్రీయు చిక్కగా, ఆమెను సకల మర్యాదలతో కొనిపోయిరని నూనిజ్ చెప్పుచున్నాడు. రాయలు ఆ యేడే తిరుమలకు పోయి స్వామిని సేవించెను. ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహమును 1515లో విజయనగరమున కట్టించిన ఆలయములో ప్రతిష్ఠించెను.

రాయలకు గూఢచర్యమనిన గిట్టదని దీనివలన తలపరాదు. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున చారునిగూర్చి చెప్పుచు, వాడు పెక్కు భాషలు నేర్చినవాడై, చారుడని గుర్తింపదగిన చిహ్నములు లేనివాడై, చాలినంత ధనము పొందినవాడై యుండవలెననెను. చాలీచాలని జీతమిచ్చినచో చారుడే గుట్టును అమ్ముకొనునని ఆ రాజకవికి తెలియకపోలేదు.

ఇక రాయవాచకము. విశ్వనాథ నాయనివారికి ఆయన స్థానాపతి విన్నవించుకొన్న వార్తగా దీనిని రచించిరి. స్థానాపతి యనగా పరాస్థానమున నుండి అచటి సమాచారములను తన యేలికకు తెలుపువాడు. అనగా గ్రంథమే యొక రహస్యనివేదిక వేషమున నున్నది! రచయిత పేరు తెలియరాదు. రచన రాయల కాలమునకు చాల పిమ్మట, ఇంచుమించు 1600 ప్రాంతమున జరిగినదని పండితులు తలచుచున్నారు.

అందు గజపతిని భేదోపాయమున గెలిచిన కథ కలదు. గజపతికి పదునార్గురు మహాపాత్రులు అండ. అప్పాజీ, అనగా తిమ్మరసు, ఆ పదునార్గురి పేర లేఖలు వ్రాయించి, కానుకల పెట్టెలతో పంపి, అవి గజపతి చేతికే చిక్కునట్లు చేసెను. చదివిన గజపతి తనవారే తన్ను పట్టి యిచ్చుటకు కుట్ర పన్నిరని భ్రమపడి పరుగెత్తెను. గజపతి దృష్టిలో కుట్ర “బయలుపడెను.” నిజమునకు కుట్రయే లేదు, లేని గుట్టును తిమ్మరసు “బయలుపఱచెను.” క్రియలోని ఆ చిన్న భేదమును గజపతి గమనింపలేదు, పదునార్గురు నిర్దోషులు ద్రోహులైరి.

ఈ కథను శాసనములతో సమానమైన సాక్ష్యముగా గ్రహింపరాదు. యుద్ధము ఒక్క రాత్రి పలాయనముతో ముగిసినది కాదు. 1515లో కొండవీడు పడినది. 1516లో రాయలు సింహాచలమును దర్శించెను. తుదకు గజపతి తన కూతురునిచ్చి సంధి చేసికొనగా, కృష్ణకు ఉత్తరమున గెలిచిన సీమను రాయలు తిరిగి యిచ్చివేసెను. ఉదయగిరి మాత్రము విజయనగరమువారి చేతిలోనే నిలిచినది.