పరాయి గడ్డపై విండోస్ ప్రోగ్రాములు

విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములను లినక్స్‌లో నడపడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్ వైన్. 1993లో బాబ్ ఆమ్‌స్టాడ్ట్, ఎరిక్ యంగ్‌డేల్ దీన్ని మొదలుపెట్టారు. సన్ కంపెనీ తన యూనిక్స్ యంత్రాల కోసం తెచ్చిన ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాబి వారికి ప్రేరణ. మరుసటి ఏడాది పగ్గాలు అందుకున్న అలెగ్జాండర్ జూలియార్ వాటిని ఇంకా వదల్లేదు. స్థిరమైన తొలి రూపం, 1.0, వెలువడింది 2008 జూన్‌లో. అంటే పదిహేనేళ్ల తర్వాత.

ఆ ఆలస్యానికి కారణం పనిలోనే ఉంది. ఏ ప్రోగ్రామూ సొంతంగా ఫైలు తెరవదు, తెరమీద పెట్టె గీయదు. ఆ పని చేసిపెట్టమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. విండోస్‌ను ఉద్దేశించి అడిగినవాటిని వైన్ అందుకుని, లినక్స్‌కు తెలిసిన పద్ధతిలో తీరుస్తుంది. ప్రోగ్రాములోని ఆదేశాలు ప్రాసెసర్ మీద నేరుగానే నడుస్తాయి. ఇది ఎమ్యులేటర్ కాదని పేరులోనే (వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్) చెప్పుకున్నది అందుకే. ఇలాంటి అభ్యర్థనలు వేలల్లో ఉంటాయి, మైక్రోసాఫ్ట్ సోర్సు కోడు చూసే వీల్లేదు. విండోస్‌లోని తప్పులను నమ్ముకుని బతికే ప్రోగ్రాములూ ఉన్నాయి కాబట్టి, ఆ తప్పులనూ ఉన్నవున్నట్టు చేసి చూపాలి!

తెలుగు డీటీపీ సెంటర్లకు చిక్కు మరో మెట్టు ఎక్కువ. శుభలేఖైనా కరపత్రమైనా చాలాకాలం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో, అను ఫాంట్లతో తయారైంది. అన్ని భాషల అక్షరాలకూ విడి సంకేతాలిచ్చే యూనికోడ్ తొలి రూపంలోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికినా 2001లో వచ్చిన ఆఖరి పేజ్‌మేకర్ 7.0కు యూనికోడ్ తెలియదు. అను ఫాంట్లు తలకట్టునూ గుడినీ ఒత్తునూ ఇంగ్లిషు అక్షరాల గదుల్లో సర్దుతాయి. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ పాఠం పిచ్చిగీతలే. కనుక లినక్స్‌కు మారదలచిన సెంటరు పేజ్‌మేకర్ ఒక్కదాన్నే కాక ఫాంట్లను, కీబోర్డు ప్రోగ్రామును కూడా వెంట తెచ్చుకోవాలి. యూనికోడ్ తెలుగుకు ఈ తంటా లేదు గానీ, విండోస్‌లో అక్షరాలకు ఒత్తులు, గుణింతాలు అతికించే యూనిస్క్రైబ్‌కు బదులుగా వైన్ తనదైన రూపాన్ని మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

వైన్‌కు అసలైన ఊపు ఇచ్చింది ఆఫీసు పని కాదు, ఆటలు. విండోస్ ఆటలను లినక్స్‌లో ఆడేందుకు ఆటల కంపెనీ వాల్వ్ 2018లో వైన్ ఆధారంగా ప్రోటాన్‌ను విడుదల చేసింది.

పాత ప్రోగ్రాములకూ వైన్ అక్కరకొస్తుంది. విండోస్ 3.1 కాలపు 16-బిట్ ప్రోగ్రాములను 64-బిట్ విండోస్ నడపదు. విండోస్ 11 వచ్చిందే 64-బిట్‌లో. లినక్స్‌లో వైన్ మాత్రం వాటిని ఇప్పటికీ నడుపుతోంది.