మతం విడిచాక బంధువులెవరు? విశాఖ తీరం నుంచి ఒక పరిశీలన

1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరి పెద్దలు శాస్త్ర వాదనలతో సరిపెట్టుకోలేదు. వంటవాళ్లు పనిలోకి రాలేదు, నీళ్లు మోసేవాళ్లు గడప తొక్కలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, తానే వంట చేశారు. ఈ పెళ్లితో సంబంధం ఉన్నవారిపై పీఠాధిపతి బహిష్కార పత్రం పంపితే, కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్లీ కులంలో కలిశారు. అప్పటికి వీరేశలింగం మతం వదల్లేదు, దేవుణ్ణి కాదనలేదు. అయినా ధర్మం చెడినవాడన్న ముద్ర పడింది. ఆ ముద్ర పనిచేసేది కుండ దగ్గర, విస్తరి దగ్గర, పెళ్లి పందిట్లో, పాడె దగ్గర. మతభ్రష్టుడన్న పేరు పడ్డవారు తెలుగునాట ఎలా తట్టుకున్నారో తెలియాలంటే వాళ్ల వాదనలకంటే ముందు వాళ్ల వంటిల్లు, వాళ్ల పిల్లల పెళ్లిళ్లు చూడాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఒక పాత్ర నుంచి బయటపడే మనిషి ఏ దశలు దాటుతాడో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హెలెన్ ఎబా 1988లో రాసిన గ్రంథంలో వివరించారు. ఆమె స్వయంగా క్రైస్తవ సన్యాసినుల మఠం విడిచి వచ్చినవారు. తొలి సందేహం, ప్రత్యామ్నాయాల వెతుకులాట, తెగతెంపుల ఘడియ, చివరికి ‘ఒకప్పటి’ మనిషిగా కొత్త జీవితం కట్టుకోవడం అని నాలుగు దశలు చెప్పారు. ఇది చాలావరకు ఒంటరి మనిషి ప్రయాణం. తెలుగు కుటుంబాల్లో లెక్క వేరు. అన్న మతం వదిలితే చెల్లెలి సంబంధం తప్పిపోతుంది, తండ్రి కర్మకాండ ఎవరు చేయాలన్న తగాదా వస్తుంది. శిక్ష ఇంటిల్లిపాదికీ పడుతుంది. అందుకే ఇక్కడ మతం విడవాలనుకున్నవారిని ఆపేది నరకభయం కంటే అమ్మ కన్నీళ్లే ఎక్కువ.

గోపరాజు రామచంద్రరావు కథలో ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది. గోరాగా ప్రసిద్ధుడైన ఆయన 1902లో ఛత్రపురంలో ఆచారవంతులైన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు, మద్రాసులో వృక్షశాస్త్రం చదివారు. జంధ్యం వేసుకోనని తేల్చి చెప్పినందుకు ఇల్లు విడవాల్సి వచ్చింది, కులం వెలివేసింది. 1933లో కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాల ఆయన్ను నాస్తిక భావాల కారణంగానే కొలువు నుంచి తొలగించింది. అది ఛాందసానికి పేరుపడ్డ కళాశాల కాదు. బ్రహ్మసమాజ నాయకుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉండి సంస్కరణకు ఆలవాలంగా తీర్చిదిద్దిన చోటు. కులాన్ని ప్రశ్నించేవారిని ఆదరించిన సంస్థ కూడా దేవుణ్ణి ప్రశ్నించినవాణ్ణి ఉంచుకోలేకపోయింది. మతం విడిచినవారికి తరచూ ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఛాందసుల తిరస్కారానికి మనసు ముందే సిద్ధపడుతుంది, మనవాళ్లనుకున్నవారి తిరస్కారానికి సిద్ధపడదు.

గోరా గురించి రాసేవారు ఆయన భార్య సరస్వతిని పక్కన పెట్టేస్తుంటారు. అది పొరపాటు. 1912లో విజయనగరంలో పుట్టిన ఆమెకు పదేళ్లకే పెళ్లయింది. గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం వేళ ఆమె బయట తిరిగారు. అలా తిరిగితే బిడ్డ గ్రహణమొర్రితో పుడుతుందని ఊరంతా నమ్మే కాలం. ఆ బిడ్డకు ఏ చిన్న లోపం కనిపించినా నింద తల్లి మీదే పడేది, జీవితాంతం ఉండిపోయేది. గోరా సందేహం వ్యాసంలో, ఉపన్యాసంలో కనబడితే, సరస్వతి సందేహాన్ని తన కడుపులో బిడ్డతో పరీక్షకు పెట్టారు. మతం విడవడంలో ఆడవాళ్ల మీద పడే బరువు మగవాళ్ల బరువుతో సమానం కాదని చెప్పడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

ఆ దంపతులు ఆ తర్వాత చేసిన పనులన్నీ వెలి తెంచిన బంధాలను ఒక్కొక్కటిగా తిరిగి కట్టుకోవడమే. తిండి విషయంలో అన్ని కులాలవారితో సహపంక్తి భోజనాలు పెట్టారు. పిల్లల పేర్లలోకి దేవుళ్లను రానివ్వలేదు. ఉప్పు సత్యాగ్రహం సాగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని, తొమ్మిదో సంతానానికి నౌ అని పెట్టారు. ఉండే చోటు కోసం 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్ ఆశ్రమంలో పెళ్లి జరిపించారు. ఆ పెళ్లి తన ఆశ్రమంలో జరగాలని గాంధీజీ స్వయంగా కోరుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు వాడడానికీ ఒప్పుకున్నారు. పెళ్లి నాటికి ఆయన లేరు, కానీ ఆయన మాట నిలిచింది. నమ్మకం విషయంలో గాంధీ, గోరా రెండు ధ్రువాలు. అంతటి భక్తుడు ఒక నాస్తికుడి కూతురి పెళ్లికి పెద్దరికం వహించడానికి ముందుకు రావడం మతభ్రష్టుడన్న ముద్రకు దొరికిన గట్టి జవాబు.

1960లో లవణం హేమలతను పెళ్లాడారు. ఆమె గుర్రం జాషువా కూతురు. జాషువాపై పడ్డ ముద్ర మరో రకం. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన సంస్కృత కావ్యాలు చదువుతూ, పురాణ కథలతో పద్యాలు అల్లుతుంటే క్రైస్తవ పెద్దలు సహించలేదు, వెలివేశారు. అటు పండిత సభల్లో కులం అడిగి అవమానించారు. ఒక గుంపు దృష్టిలో మతం తప్పినవాడు, ఇంకో గుంపు దృష్టిలో ఎన్నటికీ లోపలికి రాకూడనివాడు. ఆయన రెంటినీ వదులుకోలేదు. పద్యాన్ని విడవకుండానే క్రీస్తు చరిత్ర రాశారు, 1964లో దానికే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వెలి వేసినవారి దేవుణ్ణి కూడా తన కవిత్వంలోకి తెచ్చుకున్న ఆ నిబ్బరం అరుదైనది.

ఇక విశాఖపట్నం. ఈ ఊరికి మతం మారినవారితో రెండు శతాబ్దాల పరిచయం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చారు. సువార్తలను తెలుగు చేయడంలో వారికి తోడ్పడిన ఆనందరాయరు బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు. ఒక మతం నుంచి ఇంకో మతానికి వెళ్లినవారికి మిషన్ ఆవరణ ఉండేది, పని దొరికేది, ఆదివారం పలకరించే మనుషులుండేవారు. ఏ మతమూ వద్దన్నవారికి అలాంటి సిద్ధమైన గూడు లేదు. 1972లో జయగోపాల్ విశాఖ కేంద్రంగా భారత నాస్తిక సమాజం స్థాపించడాన్ని ఈ కోణంలో చూడాలి. అంతకు ఏడాది ముందే బాలచెరువు దగ్గర ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. రేవు, నౌకా నిర్మాణ కేంద్రం, రిఫైనరీ, ఆపైన ఉక్కు నానా జిల్లాలవారిని ఒకచోటికి చేర్చాయి. కంపెనీ క్వార్టర్ దక్కేది ఉద్యోగ హోదాను బట్టి, సీనియారిటీని బట్టి. పక్కింటివాడు గుడికి వెళ్లడన్న కారణంతో అతని కుళాయి ఆపగల ఊరిపెద్ద కాలనీలో లేడు.

అయితే నగరం ఇచ్చే ఈ వెసులుబాటు ఉద్యోగం ఉన్నంతకాలమే. రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక అద్దె ఇంటి యజమాని కులమతాలు ఆరా తీస్తాడు. పిల్లల సంబంధాలు మళ్లీ ఊరి చుట్టాల చేతుల్లోకి పోతాయి. నగరం ముద్రను చెరపలేదు, వాయిదా వేసింది.

చట్టం కొంత అండగా నిలిచింది. మతం విడిచినా, కులం నుంచి వెలి పడినా వారసత్వపు హక్కు పోదని 1850 నాటి చట్టం చెప్పింది. ముస్లిం స్త్రీ ఇస్లాం వదిలినంత మాత్రాన ఆమె వివాహం దానంతటదే రద్దు కాదని 1939 చట్టం తేల్చింది. కానీ 1955 హిందూ వివాహ చట్టంలో భర్తో భార్యో వేరే మతంలోకి మారడం ఇప్పటికీ విడాకులకు ఒక కారణం. 1956 వారసత్వ చట్టం ప్రకారం మతం మారాక పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం ఉండదు, వారసత్వం తెరుచుకునే నాటికి వాళ్లు హిందువులైతే తప్ప. హిందూ కుటుంబంలో పుట్టి నాస్తికుడైనవాణ్ణి చట్టం హిందువుగానే లెక్కిస్తుంది. ముస్లిం కుటుంబంలో పుట్టి నమ్మకం వదిలినవారి పరిస్థితి ఇంత సులువు కాదు. తనకు మత చట్టం కాక సాధారణ వారసత్వ చట్టం వర్తింపజేయాలని కేరళ మహిళ ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లింది అందుకే. జనన ధ్రువీకరణ దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అన్న గడి పెట్టాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. 2011 జనగణనలో నాస్తికులమని నమోదు చేయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 33 వేల పైచిలుకు మాత్రమే. మిగిలినవారు లేరని కాదు, బయటపడలేదని.

బయటపడనివారిని పిరికివాళ్లనడం అన్యాయం. ఇస్లాం విడిచినవారిపై సైమన్ కాటీ 2015లో వెలువరించిన అధ్యయనం నిండా ఇంట్లోవాళ్ల దగ్గర దాచుకుని బతికే మనుషులే. తల్లి ఆరోగ్యం, తోబుట్టువుల పెళ్లి, ఆర్థికంగా సొంత కాళ్ల మీద నిలబడడం, ఈ మూడూ చూసుకుని చెప్పే వేళ ఎంచుకోవడం వివేకమే. మిషనరీ దంపతుల కూతురైన మనస్తత్వవేత్త మార్లిన్ వినెల్ 1993 నుంచి రాస్తున్నదేమిటంటే, నమ్మకం పోయినా చిన్ననాడు నాటిన నరకభయం వెంటనే పోదని. మతం విడిచిన ఏళ్ల తర్వాత కూడా అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచేవారుంటారు. అలాంటివారికి తత్వచర్చ కంటే తమలాంటి మరో మనిషి తోడు త్వరగా ఊరటనిస్తుంది. విశాఖలో మానసిక వైద్యులు, కౌన్సెలర్లు మతం విడిచినవారి దుఃఖాన్ని మామూలు కుటుంబ తగాదా కింద జమకట్టకుండా, చావు దుఃఖంతో సమానంగా చూడడం నేర్చుకోవాలి.

నాస్తిక సమాజం పుట్టి అర్ధ శతాబ్దం దాటింది. అందులో తొలినాళ్లలో చేరినవారు ఇప్పుడు ముదిమిలో ఉన్నారు. వాళ్ల భార్యలు, పిల్లలు ఏం కోల్పోయారు, ఎవరు తోడు నిలిచారు, తండ్రి శవానికి నిప్పు పెట్టనన్న కొడుకుతో ఊరు తర్వాత ఎప్పుడు మాట్లాడింది అన్నది ఎవరూ పద్ధతిగా సేకరించినట్టు కనిపించదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని సామాజిక, మనస్తత్వ శాస్త్ర విభాగాలు ఆ పనికి పూనుకోవాలి. ముందుగా ఆడవాళ్లతో మాట్లాడాలి.