గళ్ళ నుడికట్టులో వివరణ స్థానం

1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన తొలి గళ్ళ నుడికట్టులో ఆధారాలు ప్రధానంగా నేరుగా అర్థాన్ని సూచించేవే. 1926 నుండి లండన్ ‘అబ్జర్వర్’లో ‘టార్కెమాడా’ అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పొవిస్ మేథర్స్ కూర్చినవాటిలో ఆధారం గూఢోక్తిగా మారింది. దీనితో సమాధానం దొరికినా అది సిద్ధించిన తీరు తెలియని సందర్భాలు ఏర్పడ్డాయి. 1939లో ఆయన స్థానంలోకి వచ్చిన డి.ఎస్. మెక్‌నట్, ‘జిమెనీస్’ అనే పేరుతో 1966లో వెలువరించిన గ్రంథంలో ఇందుకు నియమం ఏర్పరచారు. ఆధారంలో కచ్చితమైన అర్థం, న్యాయమైన నిర్మాణసూచన ఉండాలి. అంతకు మించి ఏదీ ఉండరాదు. ఈ నియమంతో వివరణ కూర్పరికి కూడా పరీక్ష అయింది.

తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు ఈ ప్రక్రియను చేపట్టారు. ఆంగ్లంలో గడికొక అచ్చో హల్లో నిలుస్తుంది. తెలుగులో గుణింతంతో కూడిన పూర్తి అక్షరం నిలుస్తుంది. ‘చెదిరిన నవల కారణంగా (3)’ అనే ఆధారానికి సమాధానం ‘వలన’. ఇందులో ‘కారణంగా’ అర్థం, ‘చెదిరిన’ అక్షరాల తారుమారుకు సూచన, ‘నవల’ తారుమారు కావలసిన పదం. ‘రామ’ను తిరగవేస్తే ‘మరా’ అవుతుంది. ‘మార’ అనడం దోషం. వాల్మీకి కథలోని ‘మరా’ జపానికీ ఈ అక్షరన్యాయమే మూలం.

సమాధానాలను మాత్రమే ప్రకటించి వివరణను విడిచిపెడితే, కూర్పరి దోషాన్నీ సాధకుని అసామర్థ్యాన్నీ వేరుపరచడం అసాధ్యం. కనుక తెలుగు గళ్ళ నుడికట్టు చరిత్రకు సమాధానాల కంటె వాటి వివరణలే విలువైన ఆకరాలు.