కెమెరాల మార్పిడి – మన తరానికి పట్టిన ఒక పిచ్చి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. డి.ఏ. బకాయిల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. అందుచేత ఆ జోలికి పోకుండా, ఒకప్పుడు మన ఆఫీసుల్లో బాగా వ్యాపించిన ఒక అలవాటు చరిత్ర రాద్దామనుకున్నాను. అదే కెమెరా కొనడం, కొన్న ఆర్నెల్లకే దాన్ని ఇంకొకరికి ఇచ్చి, పైన కొంత సొమ్ము చేర్చి, వేరొకటి తెచ్చుకోవడం. పేకాట వ్యసనమని ఇంట్లోవాళ్లకు ముందే తెలుసు. ఇది మాత్రం 'హాబీ' అనే మర్యాదైన పేరుతో గుమ్మం దాటి లోపలికి వచ్చింది. నేనూ ఆ బృందంలో సభ్యుణ్ణే. 1969 నుంచి 1998 దాకా నా చేతుల మీదుగా పదకొండు కెమెరాలు వెళ్లాయి. మావాళ్లలో ఇది చాలా తక్కువ లెక్క.

ఈ పిచ్చి కెమెరాతోపాటే పుట్టింది కాదు. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) రోజుల్లో కెమెరా అంటే పెద్ద చెక్కపెట్టె, గాజు పలకలు. మోయడానికి మనుషులు కావాలి. సరదాకి మార్చుకునే వస్తువు కాదది. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరాను 25 డాలర్లకు అమ్మాడు. అందులో నూరు ఫోటోలకు సరిపడే ఫిల్ము ముందే ఎక్కించి ఉండేది. ఫోటోలు అయిపోగానే కెమెరాను 10 డాలర్లతో సహా కంపెనీకి పంపితే, ఫోటోలు కడిగి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు. 1900లో బ్రౌనీ కెమెరా ఒక్క డాలరుకే వచ్చింది. ఈస్ట్‌మన్ లాభమంతా ఫిల్ములోనే. జనం కెమెరా మార్చినా మార్చకపోయినా ఆయనకు ఒకటే, రీళ్లు మాత్రం కొంటూ ఉండాలి.

మార్పిడికి అసలు విత్తనం పడింది జర్మనీలో, లైకాతో. వెట్జ్‌లార్‌లోని లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, దాని బొమ్మకు రెట్టింపు సైజులో, అంటే 24కి 36 మిల్లీమీటర్ల బొమ్మ తీసే చిన్న కెమెరా చేశాడు. 1925లో లైప్‌జిగ్ సంతలో దాన్ని జనానికి చూపించారు. అక్కడితో ఆగితే బాగుండేది. 1930లో లెన్సు విప్పి వేరే లెన్సు బిగించే వీలు వచ్చింది. 1932లో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కెమెరాలోనే అమరింది. 1933లో నిదానపు షట్టరు వేగాలు, 1935లో సెకనులో వెయ్యో వంతు వేగం. ఎప్పటికప్పుడు చేతిలో ఉన్నదానికి ఏదో ఒకటి తక్కువ! పాత కెమెరాను ఫ్యాక్టరీకి పంపి రుసుము కడితే కొత్త నమూనాకు మార్చి ఇచ్చే ఏర్పాటు కూడా లైట్జ్ వారే చేశారు. ఎక్స్ఛేంజ్ మేళాలు ఈ కాలం తెలివి అనుకునేవారు ఇది గమనించాలి.

తర్వాత జపానువాళ్లు వచ్చారు. 1950లో కొరియా యుద్ధాన్ని ఫోటోలు తీసిన లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫరు డేవిడ్ డగ్లస్ డంకన్ వాడిన నికోర్ లెన్సులు లోకం దృష్టిలో పడ్డాయి. 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. ఇక్కడ ఒక కిటుకు చెప్పాలి. లెన్సు కెమెరాకు బిగించే చోటు, అంటే మౌంటు, మారిందంటే పాత లెన్సులన్నీ పనికిరానట్టే. పెంటాక్స్ 1975లో మరను వదిలి కె మౌంటుకు మారింది. మినోల్టా 1985లో ఆటోఫోకస్ కెమెరాతో మార్చింది. కానన్ 1987లో మార్చింది. ఆ ఏడు ఒక మిత్రుడు తన కానన్ లెన్సులు మూడూ బల్ల మీద వరసగా పెట్టి, ఎవరో పోయినట్టు కూర్చున్నాడు. నికాన్ ఒక్కటే 1959 నాటి మౌంటును చాలాకాలం అలాగే ఉంచింది. నాకు ఆ కంపెనీ మీద గౌరవం అందుకే, లెన్సుల గొప్పదనం వల్ల కాదు.

ఇక మన సంగతి. మనలో చాలామందికి మొదటి కెమెరా బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. ఒక రీలుకు పన్నెండు చదరపు ఫోటోలు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే. ఊటీలో ప్రభుత్వ రంగంలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో ఏర్పడి, 1967 నుంచి 'ఇందు' ఫిల్ము తయారుచేసింది. రీలు దేశంలోనే దొరికింది గాని మంచి కెమెరా మాత్రం దొరకలేదు. విదేశీ కెమెరాల మీద దిగుమతి ఆంక్షలు, భారీ సుంకాలు. విశాఖ రేవులో దిగే ఓడ సిబ్బంది ద్వారానో, మద్రాసు బర్మా బజారులోనో, తర్వాత గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టాల పెట్టెలోనో దొరకాలి. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, గురువారం జుమ్మేరాత్ బజారు.

ఊరిలో మంచి కెమెరాలు పదే ఉంటే, ఆ పదే యాభైమంది చేతులు తిరుగుతాయి. మన దగ్గర మార్పిడి అంత ముదరడానికి ఇదొక కారణం. రెండో కారణం నా సొంత ఆలోచన, ఒప్పుకోకపోతే చర్చించవచ్చు. మనం గుమాస్తాలం, లెక్కలు తెలిసినవాళ్లం. కెమెరా కొంటే అది ఆస్తి. రెండేళ్లు వాడి అమ్మినా, కరువు రోజులు గనుక పెట్టిన సొమ్ము దాదాపు తిరిగొచ్చేది. రీలు అలా కాదు. కొన్నది ఖర్చు, కడిగించింది ఖర్చు, ప్రింటు వేయించింది ఖర్చు, తిరిగి పైసా రాదు. కాబట్టి సరెండర్ లీవు సొమ్ము వస్తే కెమెరా కొనడానికి మనసొప్పేది, ఇంకో రీలు వేయడానికి ఒప్పేది కాదు. డి.ఏ. ఎరియర్స్‌తో కొన్న కెమెరాలో ఒకే రీలు దసరా నుంచి ఉగాది దాకా ఉండిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

రష్యా కెమెరాల మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఉక్రెయిన్‌లో ఖార్కివ్ దగ్గర అనాథ పిల్లల కోసం నడిచిన కమ్యూనులో 1934లో ఫెడ్ కెమెరా తయారీ మొదలైంది. లైకాకు అది అచ్చు నకలు. యుద్ధం తర్వాత క్రాస్నోగోర్స్క్‌లో జోర్కీ, ఆపైన జెనిట్ వచ్చాయి. బరువు, మోటు, షట్టరు కొడితే పక్క గదికి వినిపిస్తుంది. అయినా జపాను సరుకుతో పోలిస్తే చవక, లెన్సు మంచిది. నా జోర్కీ-4 నాలుగేళ్లు నా దగ్గర నిలిచింది. నా లెక్కలో అది రికార్డు. ఫెడ్, జోర్కీల మీద లైకా అని చెక్కి, బంగారు రంగు పూసి, జర్మన్ సైన్యం గుర్తులు వేసి అమ్మిన నకిలీలు లోకమంతటా తిరిగాయి. ఎవరైనా పెద్దల పెట్టెలో బంగారు లైకా దొరికిందని సంబరపడితే, ముందు తెలిసినవారికి చూపించండి.

మార్పిడి రోజున జరిగే తతంగం చూడవలసిందే. జీతాల తర్వాతి ఆదివారం, ఎవరింటి వసారాలోనో. లెన్సులోంచి టార్చిలైటు వేసి బూజు వెతకడం, షట్టరును చెవి దగ్గర పెట్టుకుని ఒక సెకను, అర సెకను విని తేడా చెప్పడం. "గురువుగారూ, ఇది మీ చేతిలో ఉండాల్సింది" అని ఇచ్చేవాడు, "మీ మాట కాదనలేక తీసుకుంటున్నానండీ" అని పుచ్చుకునేవాడు. ఇద్దరికీ తెలుసు, దసరాలోగా అది మళ్లీ చేతులు మారుతుందని. లోపల కాఫీలు కలిపే వాళ్ల ముఖాలు మాత్రం మేం చూసేవాళ్లం కాదు.

మాలో అందరికంటే ముదిరినవాడు మా డివిజన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పేరు రాయను, తెలిసినవారికి తెలుసు. ముప్పై ఏళ్లలో నలభై పైచిలుకు కెమెరాలు మార్చాడు. చివరికి ఇంట్లో ఇరవైమూడు మిగిలాయి. ఆయన పోయినప్పుడు దినకర్మకు పటం కట్టించడానికి భార్యాభర్తలిద్దరూ ఉన్న ఫోటో కావాలని పిల్లలు ఇల్లంతా వెతికారు. దొరికింది ఒక్కటే, పింఛను కాగితాలకు అంటించడానికి స్టూడియోలో తీయించిన జాయింట్ ఫోటో. దాని కాపీయే పెద్దది చేయించారు. ఆవిడ నాతో, "అన్నయ్యగారూ, వారు నన్ను ఫోటో తీయలేదని కాదు. తీసినప్పుడల్లా లెన్సు ఎలా ఉందో చూడ్డానికి తీసేవారు. బాగుందని తేలగానే ఆ కెమెరా వెళ్లిపోయేది" అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒకే రకం పనిముట్టుతో జీవితం గడిపినవారూ ఉన్నారు. ఫ్రాన్సుకు చెందిన కార్తియే బ్రెసో లైకా, అందులోనూ ఎక్కువగా 50 ఎం.ఎం. లెన్సు పట్టుకుని దేశాలు తిరిగాడు. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు కొద్ది గంటల ముందు ఆయనను కలిసినవాడు ఆయనే. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా 1970లో కెమెరా పక్కన పెట్టి మళ్లీ ముట్టుకోలేదు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

మిగతా కథ అందరికీ తెలిసిందే. కోడాక్ కంపెనీలోనే స్టీవ్ సాసన్ అనే ఇంజనీరు 1975లో ఫిల్ము లేని డిజిటల్ కెమెరా చేసి చూపించాడు. 2006లో కొనికా మినోల్టా కెమెరాల వ్యాపారమే వదులుకుంది. అదే ఏడు నికాన్ ఫిల్ము కెమెరాలను చాలావరకు ఆపేసింది. 2009లో కోడాక్రోమ్ ఆగింది, 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరింది. మన ఊటీ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. కెమెరా ఆస్తి అన్న మన గుమాస్తా లెక్క నాలుగేళ్లలో తారుమారైంది. మార్చుకోవడానికి అవతలివాడు లేడు గనుక సరుకు అల్మారాల్లో చేరింది. విచిత్రమేమంటే కుర్రకారుకు మళ్లీ ఫిల్ము మీద మోజు పుట్టింది. 2022లో బార్నాక్ సొంతంగా వాడిన లైకా వేలంలో 1 కోటీ 44 లక్షల యూరోలు పలికింది. 2024లో పెంటాక్స్ కొత్తగా ఫిల్ము కెమెరా విడుదల చేసింది.

ఈ వార్తలు చదివి ఇంట్లో క్లిక్ త్రీ ఉన్నవారు ఆశపడవద్దు. అది జ్ఞాపకంగానే విలువైనది. మంచి కెమెరాలున్నవారికి, వారి పిల్లలకు నాలుగు మాటలు. తోలు కవరులో ఉంచవద్దు, కోస్తా తేమకు బూజు అక్కడే పుడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. బ్యాటరీ తీసేయండి, కారితే లోపల తినేస్తుంది. యాషికా ఎలక్ట్రో వంటివాటికి పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు, బదులుగా అమర్చుకునే ఏర్పాట్లు ఉన్నాయి. పాత సామాన్లవాడికి వేసేముందు నెగిటివ్‌ల కవర్లు వేరు చేయండి. కెమెరా ఇంకొకటి దొరుకుతుంది, అవి దొరకవు. వెనక తలుపు తెరిచేముందు ఫిల్ము వెనక్కి చుట్టే గుండీని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి చూడండి. బిగువుగా ఉంటే లోపల రీలు ఉన్నట్టు, తెరవకండి.

సందేహమున్నవారు నెలలో రెండో ఆదివారం సంఘ కార్యాలయానికి తెస్తే చూసి చెబుతాను. కొనను. మా ఇంటావిడ కూడా నాతోపాటే వస్తుంది.